బీకాం, ఎంబీఏ తరగతుల్లో బ్లెండెడ్ బోధన: ఒక యూనిట్‌తో ఎలా మొదలుపెట్టాలి

కామర్స్, మేనేజ్‌మెంట్ అధ్యాపకులు బ్లెండెడ్ బోధన (కొంత ఆన్‌లైన్‌లో, కొంత తరగతి గదిలో బోధించే పద్ధతి) గురించి అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి మూడింటి దగ్గరికే వస్తాయి. వీడియోలు పెట్టినా విద్యార్థులు చూడకపోతే ఏం చేయాలి? 40 శాతం ఆన్‌లైన్ అంటున్నారు, అది దేనిలో 40 శాతం? ఇలా బోధిస్తే సిలబస్ సకాలంలో పూర్తవుతుందా? ఈ మూడింటికీ సాఫ్ట్‌వేర్‌లో సమాధానం దొరకదు. ఏ పని ఇంటి దగ్గర జరగాలి, ఏ పని తరగతి గదిలో జరగాలి అన్నది ముందుగా తేల్చుకున్న అధ్యాపకుడికి గూగుల్ క్లాస్‌రూమ్ సరిపోతుంది. అది తేల్చుకోనివారికి ఎంత ఖరీదైన వేదిక కొనిచ్చినా నోట్సు పీడీఎఫ్‌లు దాచుకునే అలమారగానే మిగులుతుంది.

ఈ వ్యాసంలో మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌లోని బ్రేక్ ఈవెన్ విశ్లేషణను (ఎంత అమ్మితే లాభం, నష్టం రెండూ ఉండవో లెక్కించడం) ఉదాహరణగా తీసుకుని, ఒక యూనిట్‌ను బ్లెండెడ్ పద్ధతిలోకి మార్చే విధానాన్ని దశలవారీగా వివరిస్తున్నాను. బీకాం, బీబీఏ, ఎంబీఏ మూడింటిలోనూ ఈ అంశం ఉంటుంది కనుక మీరు ఏ కోర్సు చెబుతున్నా దీన్ని అన్వయించుకోవచ్చు.

ముందుగా నిబంధనల సంగతి

రెండు వేర్వేరు 40 శాతాలను చాలామంది ఒకటిగా కలిపేస్తున్నారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 మే నెలలో విడుదల చేసిన బ్లెండెడ్ బోధన భావనా పత్రం, ఒక కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో, మిగిలిన 60 శాతం తరగతి గదిలో బోధించవచ్చని సూచించింది. అదే ఏడాది వచ్చిన ‘స్వయం’ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) క్రెడిట్ నిబంధనలు మాత్రం, ఒక సెమిస్టర్‌లో విద్యార్థి చదవాల్సిన మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం వేదిక ద్వారా పూర్తి చేయవచ్చని చెబుతున్నాయి. మొదటిది మీ కోర్సు లోపలి సంగతి, రెండోది మీ కోర్సుకు బదులుగా వేరే కోర్సు చదివే సంగతి. ఈ వ్యాసం మొదటి దాని గురించి.

భావనా పత్రంలో ఉన్నంత మాత్రాన మీ విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేస్తున్నట్లు కాదు. ఆన్‌లైన్ పనికి కేటాయించిన గంటలను హాజరులో లెక్కిస్తారా లేదా అన్నది మీ విశ్వవిద్యాలయ నియమావళిలో చూసుకుని, విభాగాధిపతి (హెచ్‌ఓడీ) నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వని చోట, నోటిమాట అనుమతితో పీరియడ్లు తగ్గిస్తే చివరకు ఇబ్బంది పడేది విద్యార్థులే. అనుమతి రాకపోయినా నిరాశపడనక్కర్లేదు. పీరియడ్ల సంఖ్యలో మార్పు లేకుండానే, ఇంటి పనిని, తరగతి పనిని అటూ ఇటూ మార్చుకునే స్వేచ్ఛ ప్రతి అధ్యాపకుడికీ ఉంది. మొదటి సెమిస్టర్‌లో అలా చేయడమే మేలని నా అభిప్రాయం.

కావలసినవి

ఒక స్మార్ట్‌ఫోన్, కాలర్‌కు పెట్టుకునే చిన్న మైకు, ఫ్యాను చప్పుడు లేని గది, రాసి చూపించడానికి తెల్ల కాగితాలు ఉంటే వీడియోకు చాలు. కంప్యూటర్ తెరను రికార్డు చేయాలంటే ఓబీఎస్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది. పాఠ్య సామగ్రిని ఒకే చోట ఉంచడానికి గూగుల్ క్లాస్‌రూమ్ గానీ మూడుల్ గానీ ఎంచుకోండి. మూడుల్ సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా దాన్ని నడిపే సర్వర్‌ను చూసుకునే మనిషి కళాశాలలో ఉండాలి. లేకపోతే ఆ జోలికి వెళ్లకండి. ప్రశ్నలకు గూగుల్ ఫారం, లెక్కలకు గూగుల్ షీట్స్ సరిపోతాయి, ఈ రెండూ ఫోన్‌లోనూ పనిచేస్తాయి.

వాట్సాప్ గ్రూపును ప్రకటనలకు మాత్రమే వాడండి. గ్రూపులో పెట్టిన పీడీఎఫ్ సాయంత్రానికి పుట్టినరోజు శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది, మిడ్ పరీక్ష ముందు రోజు అదే పీడీఎఫ్‌ను మీరు మళ్లీ పంపాల్సి వస్తుంది.

వీటన్నిటికంటే ముందు కావలసింది విద్యార్థుల పరిస్థితిపై అవగాహన. సొంత ఫోన్ ఉందా, ఇంట్లో అందరికీ ఒకటేనా, రోజుకు ఎంత డేటా ఉంటుంది, సాయంత్రాలు ఉద్యోగానికి వెళ్తున్నారా, పల్లె నుంచి బస్సులో వస్తున్నారా అన్న ఐదు ప్రశ్నలను కాగితంపైనే అడగండి. ఈ ప్రశ్నలను గూగుల్ ఫారంలో అడిగితే, ఇంటర్నెట్ అందుబాటులో లేనివారు సమాధానం ఇవ్వరు కనుక అందరికీ అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది.

1. ఒకే యూనిట్‌ను ఎంచుకోండి

మొత్తం కోర్సును ఒక్కసారిగా మార్చకండి. ఐదు యూనిట్ల సిలబస్‌లో, విద్యార్థులు సూత్రం ఒప్పజెప్పగలిగినా నిర్ణయం దగ్గర తడబడే యూనిట్ ఏదో చూసి, దాన్ని తీసుకోండి. బ్రేక్ ఈవెన్ సరిగ్గా అలాంటిదే. స్థిర వ్యయాన్ని (అమ్మకం ఎంతైనా మారని ఖర్చు) కాంట్రిబ్యూషన్‌తో (ధరలోంచి, అమ్మకంతో పాటు పెరిగే చర వ్యయం పోగా మిగిలేది) భాగించడం అందరికీ వస్తుంది. కొత్త ఆర్డర్ ఒప్పుకోవాలా వద్దా అని అడిగితే మాత్రం తరగతి మొత్తం మౌనం వహిస్తుంది. మేనేజ్‌మెంట్ సూత్రాల మొదటి యూనిట్ వంటి నిర్వచనాల అధ్యాయాలను మార్చడానికి శ్రమ పెట్టినా దక్కేది తక్కువ.

2. పనులను రెండుగా విడదీయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన దశ, అయినా చాలామంది దాటవేసేది దీన్నే. ఒక కాగితాన్ని మధ్యకు మడిచి, ఎడమవైపు ‘ఒంటరిగా, తన వేగంలో చేయగలిగినవి’ అని, కుడివైపు ‘పక్కన మనుషులు ఉంటేనే జరిగేవి’ అని రాసి, యూనిట్‌లోని ప్రతి పనినీ ఏదో ఒకవైపు చేర్చండి. అధ్యాయం పేర్లు కాకుండా విద్యార్థి చేయాల్సిన పనులు రాయాలి.

బ్రేక్ ఈవెన్‌కు ఎడమవైపు చేరేవి: స్థిర వ్యయం, చర వ్యయం అంటే ఏమిటో తెలుసుకోవడం, కాంట్రిబ్యూషన్ లెక్కించడం, సూత్రంతో రెండు లెక్కలు చేయడం, చార్టు గీయడం. వీటిని కొందరు ఒక్కసారి వినగానే పట్టుకుంటారు, కొందరు నాలుగుసార్లు వెనక్కి తిప్పి వింటారు. ఆ సౌకర్యం వీడియో ఇస్తుంది, పీరియడ్ ఇవ్వదు. కుడివైపు చేరేవి: ఏ ఖర్చు స్థిరమో ఏది చరమో అని వాదించుకోవడం, అంకెల్లో లేని విషయాన్ని ఊహించి లెక్కలోకి తేవడం, తోటివారి నిర్ణయాన్ని ప్రశ్నించడం, తన నిర్ణయాన్ని సమర్థించుకోవడం.

ఇక్కడ జరిగే ప్రధాన పొరపాటు, తరగతిలో చెప్పే ఉపన్యాసాన్నే జూమ్‌లో గంటసేపు చెప్పి దాన్ని ఆన్‌లైన్ భాగం అని పిలవడం. ఉపన్యాసం గదిలోంచి తెర మీదకు మారింది, అంతే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గత్యంతరం లేక అలా చేశాం. గది తెరిచి ఉన్న ఈ రోజుల్లో అదే పని చేయడానికి కారణం లేదు.

థియరీ పేపర్లకూ ఈ కాగితం పనికొస్తుంది. మార్కెటింగ్‌లో సెగ్మెంటేషన్ (కొనుగోలుదారులను వర్గాలుగా విడదీయడం) రకాలు ఎడమవైపుకు, ఒక ఊళ్లోని నిజమైన దుకాణానికి ఎవరు కొనుగోలుదారులో తేల్చడం కుడివైపుకు వెళ్తాయి. అకౌంటింగ్ ప్యాకేజీలకు మాత్రం కొంచెం మార్చుకోవాలి. టాలీ ప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితమే గానీ దానికి కంప్యూటర్ కావాలి, అందులో నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే ఎంట్రీలు వేయనిస్తుంది. ఫోన్ మాత్రమే ఉన్న విద్యార్థులకు దీన్ని ఇంటి పనిగా ఇస్తే ఒకరి ఫైలును పదిమంది సమర్పిస్తారు. అందుకే చూసి నేర్చుకునే భాగాన్ని ఇంటికి, చేతితో చేసే భాగాన్ని కళాశాల ల్యాబ్‌కు పెట్టండి.

3. గంటలు లెక్కపెట్టండి

ఒక థియరీ క్రెడిట్‌కు 15 గంటల బోధన చొప్పున నాలుగు క్రెడిట్ల కోర్సుకు 60 గంటలు, అందులో 40 శాతం అంటే 24 గంటలు. ఐదు యూనిట్లకు సమంగా పంచితే యూనిట్‌కు సుమారు 5 గంటలు మించవు. మీరు ఇచ్చే వీడియోలు, చదివే సామగ్రి, ప్రశ్నలు, లెక్కలు అన్నీ కలిపి ఈ 5 గంటల్లో ఇమడాలి.

వీడియో నిడివితో సమయాన్ని అంచనా వేయకండి. 8 నిమిషాల లెక్కల వీడియోను ఆపుతూ, రాసుకుంటూ చూసే విద్యార్థికి కనీసం రెండింతలు పడుతుంది. పాత పని ఒక్కటీ తీసేయకుండా కొత్త పని కలుపుతూ పోతే ఒక కోర్సు ఒకటిన్నర కోర్సు అవుతుంది. మీ సహోద్యోగులు కూడా అదే సెమిస్టర్‌లో అదే పని చేస్తే విద్యార్థి చేతులెత్తేస్తాడు. కొత్త వీడియో ఒకటి చేర్చినప్పుడల్లా పాత అసైన్‌మెంట్ ఒకటి తీసేయండి. సిలబస్ పూర్తవుతుందా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ తీసివేతలోనే ఉంది. ఇంట్లో విన్నదాన్ని తరగతిలో మళ్లీ చెప్పనంత కాలం పీరియడ్లు చాలకపోవడం ఉండదు.

4. వీడియో తయారు చేయండి, లేదా వెతికి పెట్టండి

ఒక వీడియోలో ఒకే విషయం చెప్పండి. ఎడ్‌ఎక్స్ వేదికపై ఉన్న కోర్సుల వీడియోలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పెద్దదైనా విద్యార్థులు మధ్యస్థంగా చూసే సమయం 6 నిమిషాలకు మించలేదని తేలింది. కనుక 40 నిమిషాల పాఠాన్ని అలాగే ఎక్కించకుండా, ‘కాంట్రిబ్యూషన్ అంటే ఏమిటి’, ‘బ్రేక్ ఈవెన్ లెక్క’, ‘మార్జిన్ ఆఫ్ సేఫ్టీ’ అని విడివిడిగా 6 నుంచి 8 నిమిషాల ముక్కలు చేయండి. 

పైనుంచి ఫోన్ పెట్టి, కాగితంపై మీ చేయి లెక్క చేస్తూ కనిపించే వీడియో, అందమైన స్లైడ్లు కదిలే వీడియోకంటే అకౌంటింగ్‌కు బాగా నప్పుతుంది. పరీక్ష రాసేది ఇంగ్లీషులోనే అయినా వివరణ తెలుగులో ఇవ్వండి, సాంకేతిక పదాలను మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంచండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడితే లింకు ఉన్నవారే చూస్తారు. డేటా తక్కువ ఉన్నవారికోసం 480పిలో చూసినా అంకెలు కనబడేంత పెద్దగా రాయండి. అసలు వీడియో చూడలేనివారి కోసం అదే లెక్క ఉన్న రెండు పేజీల కాగితాన్ని జిరాక్స్ తీయించి ఇవ్వండి. ఇది దయ చూపడం కాదు, పద్ధతిలో భాగం.

మీరే తీయాలన్న నియమమేమీ లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీల అధ్యాపకులు చెప్పిన మేనేజ్‌మెంట్, అకౌంటింగ్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అవి సుమారు అరగంట నిడివివి కనుక ‘ఈ నిమిషం నుంచి ఈ నిమిషం వరకు’ అని చెప్పి ఇవ్వండి. అయితే ఒక్క హెచ్చరిక: పాఠాన్ని మీరు మొదటినుంచి చివరిదాకా చూడకుండా లింకు పంపవద్దు. అందులో వాడిన గుర్తులు, సూత్రం రాసే పద్ధతి మీ పాఠ్యపుస్తకానికి భిన్నంగా ఉంటే తరగతిలో పావుగంట ఆ తేడా సర్దడానికే పోతుంది.

5. తరగతికి ముందు మూడు ప్రశ్నలు అడగండి

వీడియో చూడడం లేదన్న సమస్యకు మందు ఇక్కడ ఉంది. పాఠానికి ముందు రోజు రాత్రి 9 గంటలకల్లా గూగుల్ ఫారంలో మూడు ప్రశ్నలకు జవాబు పంపాలని పెట్టండి. మొదటి రెండు లెక్కకు సంబంధించినవి, మూడోది ‘ఈ పాఠంలో మీకు అర్థంకానిది ఒక వాక్యంలో రాయండి’ అన్నది.

ప్రశ్నలోని తప్పు జవాబులను ఆలోచించి పెట్టాలి. ఉదాహరణకు: ఒక టిఫిన్ సెంటర్‌కు అద్దె, జీతాలు కలిపి నెలకు స్థిర వ్యయం రూ. 60,000. ప్లేటు ఇడ్లీ ధర రూ. 40, ప్లేటుకు చర వ్యయం రూ. 24. నెలకు ఎన్ని ప్లేట్లు అమ్మితే లాభం, నష్టం ఉండవు? 1,500, 2,500, 3,750 అని మూడు జవాబులు ఇవ్వండి. ప్లేటుకు కాంట్రిబ్యూషన్ రూ. 16 కనుక సరైనది 3,750. 1,500 అన్నవారు స్థిర వ్యయాన్ని ధరతో భాగించారు, 2,500 అన్నవారు చర వ్యయంతో భాగించారు. జవాబులు చూడగానే ఎవరు ఎక్కడ తప్పారో మీకు తెలిసిపోతుంది, మర్నాడు ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది. నోటికొచ్చిన అంకెలు పెట్టిన ప్రశ్నతో ఈ ఉపయోగం లేదు.

ఈ ప్రశ్నలకు మార్కులు సరైన జవాబుకు కాకుండా ప్రయత్నానికి ఇవ్వండి. సరైన జవాబుకే మార్కులంటే ఒక విద్యార్థి జవాబు వాట్సాప్‌లో తిరుగుతుంది, తప్పులు దాక్కుంటాయి. ఫారంలో సమయం నమోదవుతుంది కనుక, రాత్రి 8.50కి వరసగా పదిహేను మంది ఒకే వాక్యం పంపితే అర్థమవుతుంది. అప్పుడు మందలించడంకంటే, మర్నాడు ఆ వాక్యాన్నే బోర్డుపై రాసి వివరించమని అడగడం బాగా పనిచేస్తుంది.

6. తరగతిలో పాఠం మళ్లీ చెప్పకండి

అధ్యాపకులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పదిమంది వీడియో చూడలేదని తెలియగానే జాలిపడి పాఠం మొదటినుంచి చెబుతారు. చూసిన నలభైమందికి ఆ క్షణంలో అందే సందేశం ఒక్కటే: వచ్చేవారం నుంచి చూడనక్కర్లేదు. చూడనివారిని మొదటి పది నిమిషాలు వెనక బెంచీలో జిరాక్స్ కాగితం చదవమనండి, ఆ తర్వాత గుంపుల్లో కలపండి.

యాభై నిమిషాల పీరియడ్‌ను ఇలా నడపవచ్చు. మొదటి ఏడెనిమిది నిమిషాల్లో ఫారంలో ఎక్కువమంది తప్పిన అంశాన్ని మాత్రమే బోర్డు మీద సరిచేయండి. తర్వాత ఒక ప్రశ్న వేసి చేతులెత్తించండి. సరైన జవాబు చెప్పినవారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, పక్కవారితో వాదించుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఇచ్చి మళ్లీ చేతులెత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజుర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, కామర్స్‌కూ చక్కగా ఇముడుతుంది. 30 శాతంకంటే తక్కువైతే విషయాన్ని మీరే వివరించాలి, 70 దాటితే ముందుకు సాగిపోవచ్చు.

మిగిలిన అరగంట నిర్ణయానికి సంబంధించిన పనికి కేటాయించండి. అదే టిఫిన్ సెంటర్‌ను తీసుకోండి. ఇప్పుడు రోజుకు 150 ప్లేట్లు అమ్ముతోంది, అంటే నెలకు 4,500 ప్లేట్లు, లాభం రూ. 12,000. ఒక డెలివరీ యాప్ వచ్చి రోజుకు 50 ప్లేట్ల ఆర్డర్లు తెస్తానంటోంది, ధరలో 25 శాతం కమీషన్ తీసుకుంటుంది. చేరాలా వద్దా? నలుగురేసి విద్యార్థులను కూర్చోబెట్టి పది నిమిషాల్లో ‘అవును’ లేదా ‘కాదు’ అని, ఒక కారణంతో సహా చెప్పమనండి.

దాదాపు ప్రతి గుంపూ ఒకే లెక్క చేస్తుంది. కమీషన్ రూ. 10 పోగా ప్లేటుకు కాంట్రిబ్యూషన్ రూ. 6, నెలకు 1,500 ప్లేట్లపై అదనంగా రూ. 9,000 వస్తుంది, కనుక చేరాలి. అంతవరకు రానిచ్చి అప్పుడు అడగండి: ఈ 50 మందిలో ఇప్పటికే కౌంటర్ దగ్గరికి వచ్చి తినేవారు ఎంతమంది? 20 మంది పాతవారే అనుకుంటే కౌంటర్ అమ్మకం 130కి పడిపోతుంది. నెలకు కౌంటర్‌పై రూ. 62,400, యాప్‌పై రూ. 9,000, మొత్తం రూ. 71,400లోంచి స్థిర వ్యయం పోతే మిగిలేది రూ. 11,400. లాభం పెరగకపోగా రూ. 600 తగ్గింది. అలాగైతే పాతవారు ఎంతమంది వరకు మారినా పరవాలేదో కనుక్కోమని ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి. 18 మంది వరకు లాభమే, 19వ మనిషి దగ్గర నష్టం మొదలవుతుంది. పార్శిల్ డబ్బా ఖర్చు ఎక్కడ పెట్టాలని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అడగకపోతే మీరు అడగండి.

ఈ వాదన వీడియోలో జరగదు. ఈ వాదనకు అరగంట మిగల్చడానికే సూత్రాన్ని ఇంటికి పంపాం.

తరగతిలో 60 మందికి మించి ఉంటే గుంపులన్నిటినీ మాట్లాడించాలని ప్రయత్నించకండి. అన్ని గుంపులూ నిర్ణయాన్ని కాగితంపై రాసి ఇవ్వాలి, మాట్లాడేది మాత్రం పరస్పరం విభేదించిన రెండు గుంపులు చాలు.

7. కేస్ స్టడీలకు ఇదే పద్ధతి

హార్వర్డ్ వంటి సంస్థల కేసులు డబ్బు పెట్టి కొనాల్సినవి. ఎక్కడో దొరికిన పీడీఎఫ్‌ను గ్రూపులో పెట్టడం కాపీరైట్ ఉల్లంఘన అవుతుంది. ఉచితంగా కావాలంటే ఎంఐటీ స్లోన్ స్కూల్ వారి వెబ్‌సైట్‌లో కేసులు ఉన్నాయి. అంతకంటే మన విద్యార్థులకు దగ్గరగా, కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనా దించుకోవచ్చు. మీరే రెండు పేజీల కేసు రాసుకోండి.

కార్పొరేట్ గవర్నెన్స్‌కు హైదరాబాద్‌లో కూర్చుని సత్యం కంప్యూటర్స్ ఉదంతంకంటే మంచి కేసు వెతకనక్కర్లేదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేవని ఒప్పుకున్నారు. ఆ లేఖను ఇంటి దగ్గర చదవడానికి ఇవ్వండి, ఏ అంకె ఎంత పెంచారో పట్టికగా రాసుకు రమ్మనండి. తరగతికి మాత్రం లేఖను వదిలేసి మూడు వారాలు వెనక్కి, 2008 డిసెంబరు 16కు వెళ్లండి. ఆ రోజు రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల కొనుగోలుకు బోర్డు ఆమోదం తెలిపింది, మదుపరుల ఆగ్రహంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ సమావేశంలో మీరు స్వతంత్ర డైరెక్టర్ అయితే ఏ కాగితం చూపించమని అడిగేవారు? ఈ ప్రశ్నకు గూగుల్‌లో రెడీమేడ్ జవాబు దొరకదు. కుంభకోణానికి కారణాలు రాయమంటే పది నిమిషాల్లో దొరుకుతుంది, ఇప్పుడు ఏఐ చాట్‌బాట్ ఉంది కనుక ఒక నిమిషంలోనే దొరుకుతుంది.

8. తరగతి తర్వాతి సాధన

అందరికీ ఒకే లెక్క ఇస్తే ఒకే జవాబు పత్రం వస్తుంది. హాల్ టికెట్ నంబరులోని చివరి రెండు అంకెలను లెక్కలో కలపండి. స్థిర వ్యయం రూ. 60,000కు ఆ రెండంకెలను 500తో హెచ్చించి కలపమంటే, 37 నంబరు విద్యార్థికి రూ. 78,500 అవుతుంది. దాన్ని 16తో భాగిస్తే 4,906.25. పావు ప్లేటు అమ్మలేం కనుక 4,907 అని రాశాడా, 4,906 దగ్గర ఆగాడా అన్నది చూస్తే అర్థమైందో లేదో తెలుస్తుంది. మీరు దిద్దడానికి గూగుల్ షీట్స్‌లో ఒకే సూత్రం రాసుకుంటే అందరి జవాబులూ ఒకేసారి వచ్చేస్తాయి.

9. మార్కులు కేటాయించండి

మార్కులు లేని పని మిగతా పేపర్ల అసైన్‌మెంట్ల ముందు నిలవదు. అలాగని ఎక్కువ కేటాయించకండి. ఇంటర్నల్స్‌లో అసైన్‌మెంట్‌కు ఉన్న మార్కులనే ముందస్తు ప్రశ్నలకు, తరగతి నిర్ణయ పత్రానికి, సాధన లెక్కకు పంచితే చాలు, నియమావళిలో మార్పేమీ అడగనక్కర్లేదు. ఎన్‌పీటెల్ కూడా వారంవారం అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం ఇస్తుంది. 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తుంది. ఆ చివరి నియమాన్ని మీరూ తీసుకోండి. ఫోన్ పాడైనవారు, ఊరికి వెళ్లినవారు ప్రతిసారీ సాకు చెప్పుకుంటూ మీ గది ముందు నిలబడే అవసరం తప్పుతుంది.

ఫలితం ఎలా చూసుకోవాలి

వీడియోను ఎంతమంది చూశారన్న అంకెను నమ్మకండి. తెర ఆడుతుండగా నిద్రపోయినవారూ ఆ లెక్కలో ఉంటారు. యూట్యూబ్ స్టూడియోలో, వీడియోను ఏ నిమిషంలో ఎక్కువమంది వదిలేశారో చూపే గ్రాఫ్ మాత్రం పనికొస్తుంది. అందరూ ఒకేచోట ఆగిపోతే అక్కడ మీ వివరణ తడబడింది, ఒకేచోట వెనక్కి తిప్పి చూస్తే అక్కడ కష్టంగా ఉంది. చూసినవారి సంఖ్య తక్కువైతే ఆ గ్రాఫ్ రాకపోవచ్చు. అప్పుడు ఫారంలోని మూడో ప్రశ్నే మీకు ఆధారం.

అసలు కొలత కోసం ఒకే రకమైన ప్రశ్నను అంకెలు మార్చి మూడుసార్లు అడగండి: తరగతికి ముందు ఫారంలో, పీరియడ్ ముగిసే ముందు చిన్న కాగితంపై, మిడ్ పరీక్షలో. సరైన జవాబులు ఫారం నుంచి కాగితానికి పెరిగి, మిడ్‌కు పడిపోతే తరగతి బాగా జరిగింది గానీ సాధన చాలలేదు. ఫారంలోనే తొంభై శాతం మంది సరిగా చేస్తే, ప్రశ్న మరీ తేలికైంది, లేదా కాపీ జరుగుతోంది. ఫారంలోనూ కాగితంపైనా తప్పులు ఒకేలా ఉంటే మీ గుంపు చర్చలో ఇద్దరే పనిచేస్తున్నారు, మిగిలినవారు తలూపుతున్నారు. వచ్చేసారి నిర్ణయం రాసే మనిషిని మీరే ఎంచుకోండి.

మిడ్ ప్రశ్నపత్రంలో సూత్రపు లెక్కతోపాటు ‘ఈ ఆర్డర్ ఒప్పుకుంటారా, ఎందుకు’ అన్న ప్రశ్న ఒకటి తప్పనిసరిగా ఉండాలి. అది లేకుండా పాత ప్రశ్నపత్రమే ఇస్తే, బ్లెండెడ్ బోధనతో మార్కులు పెరగలేదని మీకు అనిపిస్తుంది. మీరు బోధించినది ఒకటి, పరీక్షించినది మరొకటి అయినప్పుడు పెరగవు కూడా. ఇదే పత్రాలు కళాశాలలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ సంస్థ సందర్శనకు, కోర్సు ఫలితాల మ్యాపింగ్‌కు ఆధారాలుగా పనికొస్తాయి కనుక విడిగా ఫైలు తయారు చేసే శ్రమ తగ్గుతుంది.

మూడు ఫారాలు వరసగా పంపనివారి జాబితా తీసి, వారితో విడిగా మాట్లాడండి. బద్ధకమని ముందే తీర్మానించుకోకండి. మొదట్లో మీరు కాగితంపై అడిగిన ఐదు ప్రశ్నల జవాబులను పక్కన పెట్టుకుని చూస్తే, ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నవారు, రాత్రి పది దాకా దుకాణంలో పనిచేసేవారు ఆ జాబితాలో ఎక్కువగా కనిపించవచ్చు. అలాంటివారికి గడువును ఉదయం 9 గంటలకు మార్చడం, మధ్యాహ్న విరామంలో కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంచేలా ప్రిన్సిపల్‌ను అడగడం, లేదా ఫారానికి బదులు కాగితంపై జవాబు తీసుకోవడం, ఈ మూడింటిలో వారికి ఏది కుదిరితే అది చేయండి. రెండో యూనిట్‌ను మార్చడం మొదలుపెట్టేది ఈ జాబితా చిన్నదైన తర్వాతే.